నా రోగానికి అత్తకు మంచం

మా మరిది రైల్వేలో గ్యాంగ్‌మన్. నౌకరీ పర్మినెంట్ అయినప్పుడు ఆయనకు ఒక దవాఖాన పుస్తకం ఇచ్చారు. అందులో ముందు భార్య పేరు, తర్వాత పిల్లల పేర్లు, చివర తల్లి పేరు రాశారు. తల్లి అంటే మా అత్త. ఆమె మరిది ఇంట్లో వరసగా నాలుగు రోజులు ఉన్నది లేదు. అరవైతొమ్మిది తెలంగాణ గొడవలకు బడులు మూతపడ్డ ఏడాది నేను కేసముద్రానికి కాపురానికి వచ్చాను. అప్పటినుంచి పదకొండేళ్లు ఆమెకు నీళ్లు కాచింది నేను, జొన్న గటక వండి పెట్టింది నేను. పుస్తకంలో మాత్రం ఆమె చిన్నకొడుకు మీద ఆధారపడ్డ మనిషి.

ఆ పుస్తకం పట్టుకుని జంక్షన్‌లోని రైల్వే దవాఖానకు వెళితే లేడీ డాక్టర్ చూస్తుంది. మందులు ఊరికే ఇస్తారు. చేర్చుకుంటే పాలూ రొట్టే పెడతారు. ఇదంతా మరిది భార్య, మా యారాలు, మూడో కాన్పు తర్వాత మా ఇంటికొచ్చి చెప్పింది.

"మంచానికి చక్రాలుంటయక్కా. మనం నడిచేదే లేదు."

నవ్వినట్టు ముఖం పెట్టాను.

అప్పటికే నాకు నెలలో పదిహేను రోజులు రక్తం పోయేది. బావిలోంచి చేద లాగేసరికి కళ్లు చీకట్లు కమ్మేవి. మా ఆయన మార్కెట్‌లో ఒక సేటు దగ్గర గుమాస్తా. పెండ్లానికి బాగాలేదని చెప్పుకుంటే ఆ సేటు "రక్తం తక్కువైతే బెల్లం తినిపియ్యి" అని ఒక ముద్ద చేతిలో పెట్టి పంపాడు. దానికి చీమలు పట్టి ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ చీమలు నాకు గుర్తే.

సర్కారు దవాఖానకు వెళితే నర్సమ్మ ఎర్రమందు సీసాలో పోసింది.

"పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకుంటవా? రేపు జీపొస్తది."

"గీ రక్తం ఆగుడుకు జీపు రాదా?"

"దీనికి రాదక్కా. గా ఆపరేషనుకే ఇచ్చిన్రు జీపు."

మార్కెట్‌కు వచ్చిన ప్రతి బస్తా మీదా సర్కారు పన్ను తీసుకుంటుంది. ఆ బస్తాలు రాసేది నా భర్త. ఆ పైసలతో ఎవరి రోగాలు బాగుచేస్తున్నారో తెలియదు. నాది మాత్రం కాదు.

వాళ్లింటికి వెళ్లి మరిదిని అడిగాను. "పుస్తకంల నా పేరు సుత ఎక్కియ్యరాదు?"

"వదినెకు రూలు లేదు వదినా" అన్నాడు తల దించుకుని.

వంటింట్లోంచి యారాలు అందుకుంది. "బావ సేటు దగ్గర చేస్తడు గదక్కా! సేటునే ఒక పుస్తకం కొట్టియ్యమను."

ఆ ఎండాకాలం అత్తకు మోకాళ్లు పట్టేశాయి. ఆమెను రైల్వే దవాఖానకు తీసుకెళ్లే పని నా మీదే పడింది. డాక్టర్ గది ముందు ఆడవాళ్లు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పెళ్లికి వచ్చినట్టు కూర్చున్నారు. ఒక్కొక్కరిని చూస్తుంటే నా కడుపు మండింది. చివరికి అత్త మోకాళ్ల మీద కూడా ఈర్ష్య పుట్టింది. వాటికి పుస్తకం ఉంది.

డాక్టరమ్మ కోస్తా మనిషి. "ఏంటమ్మా నీ బాధ?" అంది.

అత్త మోకాళ్ల మాటే ఎత్తలేదు. నా వైపు చూడకుండా చెప్పింది: "నెలకు పదిహేను దినాలు రక్తం పోతాంది బిడ్డా. గడ్డలు గడ్డలు పడ్తాంది. కండ్లు తిరుగుతానయి. జర గోలీలియ్యి."

అది నా రోగం. తన పేరు మీద గోలీలు తీసుకుని నాకు మింగించాలని ఆమె ఆలోచన. ముట్లుడిగిన ముసలిదానికి రక్తం పోతే డాక్టర్లు గోలీలిచ్చి పంపరని, క్యాన్సరేమోనని భయపడతారని ఆమెకేం తెలుసు? నాకూ తెలియదు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ముట్లు ఆగి ఎన్నేళ్లయింది?"

"పదేండ్లు దాటింది."

కాసేపటికి చక్రాల మంచం వచ్చింది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఓ పిల్లా, గిప్పుడు అబద్దమని చెప్తే చిన్నోని నౌకరి పోతదా?"

"ఏమో."

"అయితే నోరు మూసుకో."

రెండు రోజులు ఆమె మంచం మీద, నేను మంచం కింద. రొట్టెలో సగం నాకే పెట్టేది. తిన్నాను, కానీ మంచి మనసుతో తినలేదు. లోపలి పరీక్ష చేసి తీసుకొచ్చాక ఆమె కొంగు ముఖం మీద కప్పుకుంది. "కాన్పులనాడు సుత గింత సిగ్గుపడలే బిడ్డా" అంది. నా రోగానికి అంత మర్యాద జరుగుతుంటే నేను వాళ్ల బాత్రూంలో నా గుడ్డలు ఉతుక్కుంటున్నాను.

రెండో రోజు యారాలు బత్తాయిలు తెచ్చింది. వాటిని అత్త తల దగ్గర పెట్టి నా మీదికి తిరిగింది. "గింత పెద్ద రోగమైతే మాకు చెప్పవా అక్కా? గిట్లనేనా చూసుకునుడు?"

అత్త కళ్లు మూసుకుంది. నేను ఆ మాటను మనసులో దాచుకున్నాను.

మూడో రోజు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. "ఈమెకు ఎక్కడా రక్తం జాడ లేదు. నిజం చెప్పండి. రోగం ఎవరికి?"

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది.

"నాకు" అన్నాను. ధైర్యం వచ్చి కాదు, కుళ్లుతో. నా రోగం ఇంకొకరి పేరు మీద ఇంకొక్క పూట గడవడం చూడలేకపోయాను.

డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నీకు పుస్తకం లేదు. ఇక్కడ చేర్చుకోలేను" అంటూ ఒక తెల్లకాగితం మీద సర్కారు పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చింది. మరిది సంగతి ఎత్తలేదు. అత్తకు మోకాళ్ల గోలీలు కూడా ఇచ్చింది.

ఆ చీటీ చూసే నన్ను పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. ఆలస్యమైతే బతికేదానివి కాదన్నారు. లోపల పెరిగిన గడ్డతో పాటు గర్భసంచి తీసేశారు. అక్కడ మంచానికి ఇద్దరు రోగులం. అత్త వరండాలో పడుకుంటూ పొద్దున్నే నాకు జావ తెచ్చేది. తను నా రోగం ఎట్లా మోసిందో వార్డంతా చెప్పుకుంది కూడా.

నా మంచం మీది మనిషి ఒకనాడు అడిగింది. "గామె మీ అవ్వనా?"

"అత్త."

"నీ కోసం రోగమని పండుకున్నదట గద! గసుంటి అత్త ఎవలకు దొరుకుతది?"

"అత్త దొరికింది. మంచం దొరకలే" అన్నాను. "జర అటు జరుగు."