ఎలుకలకు తలంటు

కొడవలూరు పెంచలమ్మకు నెల్లూరులో దొరికిన పని ఎలుకల్ని సాకడం. అది 1962. విని ఊరంతా నవ్వింది. ఎలుక కనబడితే రోకలి ఎత్తే రైతింటి మనిషి కదా! ఆమె మాత్రం కాలేజీ వెనక గదిలోని తెల్ల ఎలుకల్ని పేర్లు పెట్టి పిలిచేది.

లెక్చరర్ జయశీల వాటిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపు మేతలో శెనక్కాయ నూనె, ఇంకోదాంట్లో డాల్డా, మూడోదాంట్లో కొవ్వన్నదే లేదు. తిండిలో కొవ్వు బొత్తిగా లేకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని ఆమె చూపించాలి. వినడానికి తిక్కగా ఉన్నా ఆమె ఏడాది కష్టం దానిమీదే ఉంది.

తీరా కోసి చూస్తే, మూడో గుంపు కాలేయాలు కొవ్వు పట్టి పాలిపోయి ఉండాల్సింది, నూనె తిన్నవాటిలాగే ఎర్రగా ఉన్నాయి. జయశీల మొహం మాడిపోయింది. మేత కలిపే మస్తానయ్యను పిలిచింది.

"నూనె చేత్తోనే మూడో గుంపు మేతనీ కలిపావు. రేపట్నుంచి రావద్దు."

"పిల్లల మీద ఒట్టమ్మా, గిన్నెలు కూడా వేరే పెట్టినా."

ఆమె వినలేదు. కోపమొచ్చిన చదువుకు చెవులెక్కడివి?

గుమ్మం దగ్గర పెంచలమ్మ ఇదంతా వింటోంది. ఆ మూడో గుంపు ఎలుకల తోకలు పొలుసులు లేచి పగిలేవి. చూడలేక, శుక్రవారం తను తలకు పెట్టుకునే నువ్వుల నూనె వాటికీ రాసేది. అవి ఒళ్లంతా నాక్కుంటుంటే మురిసిపోయేది. ఇప్పుడు చెబితే తన పని ఊడుతుంది. ఇంట్లో మొగుడు మంచం పట్టి ఉన్నాడు. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మనిషి పోతాడు. మస్తానయ్య అప్పుడే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆగన్నా!" అని అరిచింది. "నూనె నాదమ్మా. తోకలు పగిలి నెత్తురు కారతా ఉంటే రాసినా. నాకితే ఇంత పని అవతాదని నాకు తెలీదు."

జయశీల కూలబడింది. ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరైంది. లేచి గుమ్మం దాకా వచ్చింది.

"మస్తానయ్యా, తప్పు నాది. ఉండు." తర్వాత పెంచలమ్మ వైపు తిరిగింది. "మళ్లీ మొదలుపెడతాం. ఈసారి తోకలు పగిలినా చెయ్యి వేయకూడదు. ఉండగలవా?"

ఉంటానంది పెంచలమ్మ. ఉంది కూడా. కొత్త ఎలుకల తోకలూ పగిలాయి. మేత వేసి, నీళ్లు పెట్టి, మొహం తిప్పుకునేది.

ఆ నెలలన్నీ ఏ శుక్రవారమూ తన తలకు నూనె పెట్టుకోలేదు.