గుండీలు లేని అంగీ

హైదరాబాదులో గోడల నిండా బొమ్మలేసిన ఆ సందుకు, సెలవు దొరికితే చాలు, వెళ్తాను. ఎవరో తొడిగి విడిచిన బట్టలకు వింటేజ్ అని పేరు పెట్టి, అత్తరు కొట్టి అమ్ముతారక్కడ. ఒళ్లు మండుతుంది, అయినా వెళ్తాను.

మొన్న ఒక వెలిసిన నీలం అంగీ కనబడింది. మణుగూరు బొగ్గు గనిలో మా నాయన డ్యూటీకి తొడుక్కునే అంగీలాంటిదే. అమ్మ ఆ అంగీలను వేరే బకెట్లో ఎంత ఉతికినా కుట్లలో నలుపు పోయేది కాదు. నాయన పోయాక వాటిని, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెకు వేసేసింది. ఏ పాత బట్ట వేసినా ముందు గుండీలు కత్తిరించి డబ్బాలో దాచుకోవడం అమ్మ పద్ధతి.

"అంగీ పోతే పోనియ్, గుండీలు అక్కరకొస్తయ్" అనేది.

కాలరు తిప్పి చూశాను. కుట్లలో నలుపు ఉంది. గబగబా ముందువైపు తడిమాను. గుండీలన్నీ ఉన్నాయి, ఎన్నడూ తెగని పాత దారంతోనే. నాయనది కాదు.

"గుండీలు లేనిది వస్తే చెప్పమ్మా" అన్నాను దుకాణం అమ్మాయితో.

"గుండీలు లేనిది ఏం చేసుకుంటరక్కా?" అంది.