షుహ్వా గీసిన ఆఖరి కప్పు

హు చైయున్ పదిహేడో ఏట సర్కారు పింగాణీ ఫ్యాక్టరీలో రంగులు నింపే పనికి కుదిరింది. ఎదుటి బల్ల దగ్గర లై షుహ్వా గీతలు గీసేది. జింగ్‌దెజెన్‌ అనే ఆ పింగాణీ ఊళ్ళో గీసేవాళ్ళు గీస్తారు, నింపేవాళ్ళు నింపుతారు. ఒకరి కుంచె ఒకరు ముట్టరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ కలిసే యూ అనే అతని పింగాణీ కార్ఖానాకు మారారు. మధ్యలో చైయున్‌కు పెళ్ళయింది, రెండేళ్ళకే తెగిపోయింది. ఆ మొగుడి ముఖం ఇప్పుడామెకు సరిగా గుర్తు కూడా లేదు. షుహ్వా గీత మాత్రం కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ గీతల మధ్యే బతికింది మరి.

"నా గీత దాటావంటే చెయ్యి విరగ్గొడతానే!" అనేది షుహ్వా.

"ఆఁ, విరగ్గొట్టు! రంగు లేకపోతే నీ పిట్టలన్నీ ఈకలు పీకిన కోళ్ళే," అనేది చైయున్.

ఈ చలికాలంలో షుహ్వా పోయింది. చైయున్ పనిలో పడి, "ఏమే, ఈ ఆకు..." అంటూ తలెత్తేది. ఖాళీ కుర్చీ చూసి నాలుక కరుచుకునేది. ఏడుపు రాలేదు కానీ అన్నం సహించడం మానేసింది. ఒక్కతే కూర్చుని తినడం ఆమెకు చేతకాదు.

షుహ్వా బల్ల మీద ఒక టీ కప్పు మిగిలింది. రెండు కౌజు పిట్టలు, వాటి చుట్టూ గడ్డిపూలు. కొలిమికి వెళ్ళని గీత తడి వేలు తగిలితే చెరిగిపోతుంది.

"తుడిచెయ్ పిన్నీ," అన్నాడు యజమాని యూ. "కప్పులు జతగా కొంటారు. రెండోది ఆ చేత్తో గీసేదెవరు?"

"నేను గీస్తా."

యూ పకపకా నవ్వాడు. "నువ్వా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క గీత గీశావా?"

"గీయలేదు. పది రోజులివ్వు, గీస్తా. దాన్ని మాత్రం ముట్టకు."

అలాంటిదే మరో కప్పు మీద అవే పిట్టలు గీసింది, తుడిచింది, మళ్ళీ గీసింది. తొమ్మిదో రోజుకి చెయ్యి మాట విన్నది.

ఇక షుహ్వా కప్పుకు రంగు నింపుతుంటే భూతద్దం కింద చిన్న పిట్ట రెక్క దగ్గర గీత వణికి కనిపించింది. ఆ కార్ఖానాల వీధి మొత్తంలో వణకని చెయ్యి అదొక్కటే. నొప్పి అని ఒక్క మాటైనా చెప్పలేదే మహాతల్లి! చైయున్‌కు కోపం వచ్చింది. వణుకు మీద రంగు దట్టంగా వేసింది. కొలిమిలో ఆ రంగు గాజులా తేటపడి అడుగున ఉన్నదంతా చూపించేస్తుందని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా వేసింది.

కొలిమి తెరిచాక యూ రెండు కప్పులూ తిప్పి తిప్పి చూశాడు. పాతకాలపు నకళ్ళు కాబట్టి అడుగున చక్రవర్తి ముద్రే తప్ప చేసినవాళ్ళ పేరు ఉండదు.

"ఇదీ గీతంటే! షుహ్వా పిన్ని చెయ్యి ఎక్కడున్నా దొరికిపోతుంది," అంటూ చైయున్ గీసిన కప్పును పైకెత్తాడు. "దీన్ని అమ్మను. ఆమె గుర్తుగా అద్దాల బీరువాలో పెడతా. ఇదుగో, ఇది నీది. రెక్క దగ్గర వణికావు చూడు. మొదటిసారి కదా, బాధపడకు పిన్నీ."

లోపమున్నది ఇంటికి పోకూడదు, అంగడికీ పోకూడదు. చక్రవర్తుల నాటి నుంచీ అంతే. చేసినవాళ్ళే పగలగొట్టాలి. యూ సుత్తి ముందుకు జరిపాడు.

చైయున్ నోరు తెరిచింది. అది షుహ్వాదని చెబితే కప్పు బతుకుతుందేమో. కానీ షుహ్వా చెయ్యి వణికిందని సాయంత్రానికల్లా వీధంతా చెప్పుకుంటారు. చచ్చేదాకా ఆమె దాచుకున్నది ఆ ఒక్కటే.

"అవును, నాదే," అని చైయున్ సుత్తి అందుకుంది.

ఒక్క దెబ్బ చాలలేదు. రెండోది కూడా కొట్టాల్సి వచ్చింది.