కిందనుంచి మొదలుపెట్టిన బొమ్మ

మా ఆయన చెంచయ్య సింధనూరు బడిలో డ్రాయింగు మేష్టారు. తుంగభద్ర కాలవ వచ్చాక బాపట్ల వైపు నుంచి ఆ పక్కనే ఉన్న బాళగనూరు వచ్చి పొలం కొనుక్కున్న కుటుంబం మాది. ఇంట్లో అత్తయ్య హనుమాయమ్మ, ఆయన, నేను. పిల్లలు కలగలేదు.

యాభై ఎనిమిదిలో ఇటలీ వాళ్ళ ఉపకారవేతనం వచ్చి, బొమ్మలు నేర్చుకోవడానికి ఆయన ఫ్లారెన్సు వెళ్ళారు. రెండేళ్ళు. "ఇక్కడ చర్చి గోడల నిండా బొమ్మలే. ఆ బొమ్మల్లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టే ఉంటారు. నాతో మాట్లాడేవాళ్ళే లేరు. ఆదివారం గది తలుపు తీయలేదు," అని రాశారొకసారి. కూడబలుక్కుని చదువుకున్నాను. ఊడ్పులు అయ్యాయని, గేదె ఈనిందని జవాబు రాశాను. మీరు లేక తోచడం లేదని రాయాలనిపించింది. కానీ ఇంగ్లీషులో చిరునామా రాసిచ్చే పక్కింటాయన చదువుతాడేమోనని రాయలేదు.

తిరిగొచ్చాక వంటింటి గోడ మీద నా బొమ్మ వేస్తానన్నారు. అక్కడ నేర్చిన పద్ధతిలో సున్నపు పూత తడారకముందే రంగు పడాలి. అందుకని ఏ రోజుకారోజు వేయగలిగినంత మేరే పూత పూస్తారు. సున్నం కిందకు కారుతుంది గనక పైనుంచి, అంటే ముఖం నుంచి మొదలుపెట్టాలట.

"కదలకుండా ఇటు చూడు," అన్నారు. అత్తయ్య పొయ్యి దగ్గరే ఉంది. ఆవిడ ఎదుట ఆయన నా ముఖంలోకి అలా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"ముందు కాళ్ళూ చేతులూ వేయండి. ముఖం అత్తయ్య బాపట్ల వెళ్ళాక," అని గొణిగాను.

"మా గురువు వింటే నన్ను తరిమి కొడతాడే," అని నవ్వుతూనే కిందనుంచి మొదలుపెట్టారు. పాదాలు, కుచ్చెళ్ళు, చేట, చేట పట్టుకున్న చేతులు. తొమ్మిది రోజులకు మెడ దాకా వచ్చింది. పదో రోజున జ్వరం. వారం తిరక్కుండా పోయారు.

పెద్దకర్మ అయ్యాక ఇల్లంతా వెల్ల వేయించడం మా ఆచారం. మా పొలం పనికి వచ్చే సుంకవ్వ సున్నం బాల్చీతో వంటింట్లోకి వచ్చి ఆగిపోయింది.

"ఏంది పెద్దమ్మా ఇది? బొమ్మకు తలకాయ లేదు, చూస్తే భయమైతుంది. ఈ గోడకు గూడ కొట్టాల్నా?"

"కొట్టు. మొండెం బొమ్మ ఇంట్లో ఉండకూడదు," అంది అత్తయ్య.

నేను గోడకు అడ్డంగా నిలబడ్డాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆవిడ మాటకు ఎదురు నిలవడం అదే మొదలు.

"ముఖం నేనే వద్దన్నానండీ. మీరున్నారని సిగ్గేసి."

"నాతో ఒక్క మాట చెప్తే పోయి గొడ్లచావిట్లో కూర్చునేదాన్ని కదే, పిచ్చిమొహమా," అంది అత్తయ్య. సుంకవ్వ చేతిలోని కుంచె తీసుకుని, బొమ్మకు తగలకుండా చుట్టూ తనే వెల్ల వేసింది. మెడ పైన పూత పడని గరుకు గోడను అలాగే వదిలేసింది.

ఆ తర్వాత ఆవిడ వంటింట్లోకి వచ్చే ముందు గుమ్మం అవతల ఆగి ఒకసారి దగ్గేది. లోపల నేనొక్కదాన్నే ఉండేదాన్ని.