కిరీటం పిల్ల మెచ్చిన బెల్లం

మా అనకాపల్లిలో బెల్లానికీ ఆడపిల్లకీ ఒకటే పరీక్ష. ముందు రంగు చూస్తారు. రుచి, గుణం తర్వాతి సంగతి. మార్కెట్లో దిమ్మ పసుపుపచ్చగా మెరుస్తుంటే వర్తకుడి మొహం కూడా మెరుస్తుంది. కాస్త ముదురు రంగు కనబడిందా, పక్కన నిలబడ్డ రైతు గొంతు దానంతటదే తగ్గిపోతుంది. "రంగు కాస్త తక్కువే గాని, సరుకు మంచిది బాబూ" అంటాడు. మా నాన్న ఆ మాట బెల్లం గురించి అనడం ఎన్నిసార్లు విన్నానో, చుట్టాల ముందు నా గురించి అనడమూ అన్నిసార్లే విన్నాను. "రంగు కాస్త తక్కువే గాని, సదువులో ఫస్టు." ఆ 'గాని' వింటే నాకు ఒళ్ళు మండేది.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. కేబుల్ టీవీ ఇంటింటికీ వచ్చేసింది గాని సెల్‌ఫోన్ ఇంకా వీధికొకరి జేబులోనే ఉండేది. ఊరి చివర మాకు కొంచెం చెరకు పొలం, పొలంలోనే గానుగ, దాని పక్కన పాకలో బెల్లం వండే పెద్ద పెనం. ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోసే పని అమ్మది. పాకం ఉడికేటప్పుడు రంగు తేలడానికి నాన్న ఒక తెల్లపొడి చల్లేవాడు. హైడ్రోస్ అంటారు దాన్ని. గుడ్డల రంగు పోగొట్టడానికి వాడే పొడి. చల్లగానే పాకం తేటపడి పచ్చగా అయ్యేది. ఆ ఘాటు మాత్రం తిన్నగా అమ్మ గొంతులోకి పోయేది. బెల్లం సీజన్ వచ్చిందంటే అమ్మకి దగ్గు సీజన్ వచ్చినట్టే. నవ్వినా దగ్గే, మాట్లాడినా దగ్గే. రాత్రి పక్క మీద కూర్చుని దగ్గుతూ, మాకు నిద్ర చెడుతుందని నోటికి చెంగు అడ్డం పెట్టుకునేది.

ఆ ఏడు అమ్మ మొండికేసింది.

"ఆ పొడి ఏత్తే నీ పొయ్యి నువ్వే ఎగదోసుకో. నేన్రాను" అంది.

నాన్న గొణిగాడు, అరిచాడు, అన్నం తినకుండా లేచిపోయాడు. చివరికి దారికొచ్చి, తాతయ్య నాటి పద్ధతిలో బెండకాడల జిగురు పోసి, తేలిన మురికి తీసేసి వండాడు. బెల్లం చింతపండు రంగులో దిగింది. పాకంతా కమ్మటి వాసన. అమ్మ దగ్గు నెమ్మదిగా తగ్గింది. పొయ్యి దగ్గర కూర్చుని ఏదో కూనిరాగం తీస్తుంటే నేను గానుగ వెనక నిలబడి విన్నాను. అమ్మకి పాట వచ్చని నాకు అంతవరకూ తెలీదు.

కానీ ఆ బెల్లాన్ని ఎవరూ కొనలేదు. మా వైపు నల్లబెల్లం అంటే తినే బెల్లం కాదు, నాటుసారా కాసే బెల్లం. ఆ పేరు ఎత్తితే ఎక్సైజు వాళ్ళ జీపు గుర్తొస్తుంది. మార్కెట్లో నాన్నకి బాగా తెలిసిన వర్తకుడొకడు దిమ్మని ఇటూ అటూ తిప్పి చూసి, పదిమందిలో నవ్వాడట. "ఏటి మావా, సారా బట్టీ ఎట్టేవేటి?" అని. నాన్న బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాడు.

"మళ్ళీ వారం కూడా ఈ సరుకు పోలేదంటే ఆ పొడి డబ్బా మూత తీసేత్తాను. తరవాత నన్నేటీ అనకు" అన్నాడు అమ్మతో.

అమ్మ పొయ్యిలో పిప్పి ఎగదోసింది. పాకలో వాసానికి వేలాడుతున్న ఆ హైడ్రోస్ డబ్బా వైపు చూశాను. అది దిగితే అమ్మ పాట ఆగిపోతుంది, అంతే.

సరిగ్గా ఆ వారమే మా కాలేజీకి సుందరులు వచ్చారు. నిజం సుందరులే, కిరీటాలతో సహా. భూమిని, నీటిని, చెట్టుని కాపాడమని చెప్పడానికి ప్రపంచ దేశాల అమ్మాయిలకి పెట్టే అందాల పోటీ ఒకటుందట. అందులో గెలిచిన ముగ్గుర్ని విశాఖపట్నంలో ఎవరో పెద్దవాళ్ళు పిలిపించి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పుతున్నారు. పొద్దున్న పూడిమడక తీరంలో ప్లాస్టిక్ ఏరడం, మధ్యాహ్నం మా కాలేజీలో మొక్క నాటడం. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి మగపిల్లలు జుట్టుకి నూనె మానేశారు. "చెట్టు నాటడానికి కిరీటం ఏటే, గునపం కావాల గాని" అని మా బెంచీలో వెక్కిరించుకున్నాం. అసూయే, ఇంకేం కాదు.

పూలపళ్ళాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డానికి తెల్లటి అమ్మాయిల్ని ఏరారు. మా ఇంగ్లీషు మేడం నన్ను పిలిచి, "నువ్వు మైకు దగ్గరుండమ్మా, వాళ్ళు చెప్పింది తెలుగులో చెప్పాలి" అంది. నా పొంగు చల్లారకముందే, "కాస్త లేతరంగు చీర కట్టుకో, ఫోటోల్లో మరీ..." అని ఆగిపోయింది. ఆగిపోయిన మాట నాకు పూర్తిగానే వినబడింది. పంతం కొద్దీ ముదురు ఆకుపచ్చ చీర కట్టుకెళ్ళాను.

వాళ్ళు చెప్పిన వేళకి రాలేదు. ఎండకి పూలు వాడాయి, పళ్ళాలు పట్టుకున్న అమ్మాయిల పౌడరు చారలు కట్టింది. చివరికి కారు దిగితే ముగ్గురి చెప్పుల నిండా ఇసకే. ఒకమ్మాయి ఎండకి దొండపండులా కమిలిపోయింది. ఇంకొకామె చాలా పొడుగు. పూడిమడకలో ఎవరో చేపలమ్మే ఆవిడ ముద్దొచ్చి కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం చంకలోంచి తియ్యలేదు. మా పెద్దలు దండ వెయ్యబోయి, ఆ వాసనకి ముక్కు ముయ్యలేక, నవ్వలేక నానా అవస్థ పడ్డారు. మూడో ఆమెకే పెద్ద కిరీటం. నేను బిత్తరపోయి చూశాను. ఆమె నా రంగే. నాకంటే ఒక పిసరు ముదురేమో కూడా.

"ఓలమ్మ, ఇదేటే, ఇలగుంది?" అంది నా వెనక ఎవరో. నాకు అదిగో, అప్పుడు మొదటిసారి ఆ పోటీ మీద గౌరవం కలిగింది.

వేపమొక్క నాటారు. మా కాలేజీలో ఏటా ఎవరొచ్చినా నాటేది ఆ గోతిలోనే. మొక్కకున్న నల్ల ప్లాస్టిక్ సంచి విప్పి ఎక్కడ వెయ్యాలని కిరీటం పిల్ల అడిగితే మా వాళ్ళు గోడ అవతలికి చూపించారు. ఆమె దాన్ని మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. తర్వాత వేదిక మీద మా ఊరి గౌరవంగా ముగ్గురికీ తలో బెల్లం దిమ్మ ఇచ్చారు. పసుపుపచ్చగా ధగధగలాడిపోతోంది. కిరీటం పిల్ల దాన్ని వాసన చూసి, నా వైపు వంగి మెల్లగా అడిగింది, ఇది ఇంత పచ్చగా ఎందుకుందని. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో కూడా చెరకు రసం వండుతారట. కాని ఈ రంగు ఎప్పుడూ చూడలేదట.

నాకు ఏమైందో తెలీదు. కుర్చీ కింద నా సంచిలో మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న అటుకులూ, మా ఇంటి బెల్లం ముక్కా ఉన్నాయి. సుందరుల హడావుడిలో తిననే లేదు. టిఫిను డబ్బా మూత తీసి, ఆ పచ్చదనం పొడి వల్లేనని, ఇందులో పొడి లేదని చెవిలో చెప్పి, ఆ ముక్క ఆమె చేతిలో పెట్టాను. ముందు వరసలో మా మేడం కళ్ళు ఉరిమాయి. పిల్ల మాత్రం ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కళ్ళ నిండా నీళ్ళు. తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళి, నాకు అందీ అందనంత వేగంగా ఇంగ్లీషులో మాట్లాడింది. మా అమ్మమ్మ చేతి రుచి ఇది, భూమిని కాపాడటమంటే మొక్క నాటి ఫోటో దిగడం ఒక్కటే కాదు, వంటలో విషం కలపకపోవడం కూడా, తినండి, ఈ నల్లదే తినండి అని. చెప్పి నా వైపు చూసింది. ఇక తెలుగు చెయ్యాల్సింది నేను.

"ఈమె ఏమంటున్నారంటే... అందరూ నల్లబెల్లమే వాడాలట!" అన్నాను.

 మైదానం మొత్తం ఈలలు. "బట్టీ ఎక్కడెట్టాలో కూడా అడగవే!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.  సర్దుకోవాలని మైకు గట్టిగా పట్టుకుని, "అంటే... మందు లేని బెల్లం! అసలు మందు లేకుండా!" అని కేకేశాను.

రసాయనాన్ని మందు అంటాం. పొలంలో కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే. సాయంత్రం పూట కొట్టు వెనక తాగేదీ మందే. ఆ సంగతి ఆ క్షణంలో నాకు ఒక్కదానికే గుర్తు లేదు.

"మందు లేనప్పుడు నల్లబెల్లం ఎందుకే తల్లీ!" అన్నాడు ఇంకొకడు. ఇక చెప్పేదేముంది. లెక్చరర్లు కూడా రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ గారి మొహం కందగడ్డ అయింది. ఇదంతా తన మాటలకి వచ్చిన మెప్పే అనుకుంది పాపం ఆ పిల్ల. చేతులు రెండూ పైకెత్తి, కిరీటం పక్కకి ఒరిగిపోతుండగా, "నాల్లా బేలం! నాల్లా బేలం!" అని తనూ అరిచింది. జనం కూడా అందుకున్నారు. అంతమంది ఒక్క గొంతుతో అరవడం మా కాలేజీలో ఎన్నికలప్పుడు కూడా వినలేదు.

ఆ సాయంత్రం కేబుల్ టీవీలో అదే ముక్క తిప్పి తిప్పి వేశారు. పక్కన నేనూ ఉన్నాను, నోరు తెరుచుకుని.

"పరువు తీసేసేవు కదే!" అన్నాడు నాన్న. "మార్కెట్ల తలెత్తుకోనిచ్చేవా? రేపటి పెనంలోనే పొడి ఏసేత్తాను. పీడా పోతాది." నేను ఏడ్చాను. అమ్మకి మంచి చెయ్యబోయి ఆ డబ్బా నేనే దింపించానన్న దుఃఖం అది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, "పోనీలెద్దూ, ఆ పిల్ల ఎంత ఇష్టంగా తిందో సూసేను టీవీలో" అంది.

మర్నాడు పెనంలో పాకం పొంగుతోంది. నాన్న వాసానికున్న డబ్బా దింపాడు. మూత మీద చెయ్యి వేశాడో లేదో పొలం గట్టు మీద జీపు ఆగింది. ఎక్సైజు వాళ్ళు! డబ్బా నాన్న చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరు దిగి పాకంతా చూశారు, కుండలు వంచి చూశారు, పెనంలోకి తొంగిచూశారు. సారా ఎక్కడుంది, ఉంటేగా. ఇద్దరిలో పెద్దాయన కళ్ళు నాన్న చేతి మీద పడ్డాయి.

"అదేటి? బెల్లంలో కలపడానికా?"

 అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని వచ్చింది.

"కలపం బాబూ. ఎప్పుడో మిగిలిపోయింది. మా ఆయన పారబొయ్యడానికే తీసేడు" అంది, కనురెప్ప వాల్చకుండా. నాన్న అమ్మని చూసిన చూపు నేను ఇప్పటికీ తల్చుకుని నవ్వుకుంటాను.

అరిటాకు ముక్కల్లో వేడి బెల్లం పెట్టి ఇచ్చింది వాళ్ళకి. పెద్దాయన ఊదుకుంటూ తిని, ఆకు కూడా నాకాడు. "టీవీల ఆ కిరీటం పిల్ల తిన్నది ఇదేనేటి?" అని అడిగి, వెళ్తూ వెళ్తూ ఒక దిమ్మ కొనుక్కున్నాడు. వాళ్ళ కళ్ళ ముందే నాన్న ఆ పొడి తీసుకెళ్ళి గొయ్యి తవ్వి కప్పెట్టాల్సి వచ్చింది. పెనం దగ్గరికి తిరిగొచ్చి, "బెండకాడలు తే" అన్నాడు నాతో, నా మొహం చూడకుండా.

ఆ రెండు మూడు రోజుల్లో ఎవరెవరో గానుగ దగ్గరికి రావడం మొదలైంది. మాడుగుల నుంచి హల్వా చేసేవాళ్ళ బంధువట, ఒకాయన ఆటోలో వచ్చాడు. "సుందరి బెల్లం ఇక్కడేనా?" అని అడిగాడు. సుందరి బెల్లం! ఆ పేరు ఎవరు పెట్టారో ఈనాటికీ తెలీదు. నల్లబెల్లం అనడానికి నోరు రానివాళ్ళకి అది బాగా నోటికొచ్చింది.

మళ్ళీ మార్కెట్ రోజున నాన్నతో నేనూ వెళ్ళాను. ఈసారీ సరుకు పోకపోతే ఇంట్లో కూర్చుని అమ్మ మొహం చూడలేను, అందుకు. బండి మీంచి దించి దిమ్మలు పేర్చాం. ఆ రోజు నవ్విన వర్తకుడే వచ్చి, ఒక దిమ్మ ఎత్తి, వేలితో గోకి చూశాడు.

"రంగేటి మావా ఇలగుంది?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. నాకు తెలుసు ఏం వస్తుందో. చిన్నప్పట్నుంచీ విన్నదే కదా. తల దించుకుని నా చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను.

"నల్లదే" అన్నాడు నాన్న. మార్కెట్టంతా వినబడేలా అన్నాడు. "నా బెల్లం నల్లదే. ఇదిగో, దీన్ని మెచ్చినోళ్ళ మాట తెలుగులో సెప్పిన నా కూతురూ నల్లదే. తిని సూడు."

వర్తకుడు దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. వేసుకుని, ఇంకో ముక్క కోసం మళ్ళీ చెయ్యి చాపాడు. నేను మాత్రం బెల్లం సంగతే మర్చిపోయి, నాన్న నోటి వైపు చూస్తూ ఆ 'గాని' కోసం కాచుకుని ఉన్నాను. అది రాలేదు.