యాజులు మాస్టారి పెళ్లివారి శాసనసభ

తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పే యాజులు మాస్టారికీ, పక్క గదిలో పదో తరగతికి లెక్కలు చెప్పే నాకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. గోడకి చెవులుంటాయో లేదో గానీ నాకు మాత్రం ఉన్నాయి. నేను ఇటు త్రికోణమితి మొదలుపెట్టానో లేదో అటు నుంచి "అక్షింతలు, అక్షింతలు" అని క్లాసంతా ఏకకంఠంగా లేస్తుంది. నా సైన్ తీటా కాస్తా తలంబ్రాల్లో కలిసిపోతుంది. నర్సీపట్నంలో ఇన్ని గోడలుండగా నాకు ఈ గోడే రాసిపెట్టి ఉంది.

మనిషి మంచివాడే. కాకపోతే ఏ సంగతినీ ఊరికే నోటితో చెప్పి ఊరుకోలేడు, కళ్లకి చూపించాలి. పానిపట్టు యుద్ధం వచ్చినప్పుడు వంటింట్లోంచి ఆవాలూ మెంతులూ తెచ్చి బల్ల మీద రెండు సైన్యాలుగా మోహరించాడు. యుద్ధం ముగిశాక ఏ గింజ ఎవరిదో తేలక, వాళ్లావిడ వర్ధనమ్మగారు ఆ వారమంతా రెండూ కలిపే పోపు వేశారు. ఫ్రెంచి విప్లవానికి ఒక గుమ్మడికాయ తల తెగింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరికీ దప్పళం.

ఆయన క్లాసు గోడకి ప్రభుత్వం వారు బిగించిన పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. దాన్ని మాస్టారు ఒకే ఒక్కసారి తాకాడు. అది అరబ్బీలోకి వెళ్లిపోయింది. మళ్లీ తెలుగులోకి రమ్మని పిల్లల ముందు దాన్ని పీరియడంతా బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆ పరాభవం తర్వాత ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చి దాని మీద కప్పేశాడు.

ఇలా ఉండగా శాసనసభ పాఠం వచ్చింది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే తాతబ్బాయికి మాస్టారు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"రెండు పక్షాల వాళ్లూ ఉండాలి తాతబ్బాయీ. ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో కాస్త ఎత్తు మీద ఒక పెద్దాయన. ఆయన చెప్పినట్టు ఇరుపక్షాల వాళ్లూ వినాలి."

"ఇంతారా బాబూ?" అన్నాడు అటు నుంచి తాతబ్బాయి.

"వినరనుకో. వాళ్లలో వాళ్లు దెబ్బలాడుకుంటారు. అది మామూలే."

"అవునవును, మామూలే. కండువాలెయ్యాలా?"

"అందరికీ వెయ్యి. పాతిక్కల్లా కావాలి."

"ముగూర్తం పాతికన్నమాట. బేగి సేసీస్తాను బాబూ."

ముహూర్తం అన్న మాట పక్కనున్న నాకూ వినబడి అనుమానమేసింది. మాస్టారికి మాత్రం ముచ్చటగా తోచింది. పాతిక తారీకున అట్టపెట్టె విప్పితే పెళ్లికొడుకు, పెళ్లికూతురు, పురోహితుడు, సన్నాయి, డోలు, అటూ ఇటూ వియ్యాలవారు. పట్టుపంచెలు, బుగ్గచుక్కలు, ఒక ముసలావిడ చేతిలో విసనకర్ర కూడా. పక్షాలంటే మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ కాక ఇంకేముంటాయని తాతబ్బాయి అనుకున్నాడు. అతని తప్పేమీ లేదు.

వెనక్కి పంపెయ్యండి అన్నాను నేను. పెళ్లివారిని ఎవరైనా వెనక్కి పంపుతారా అని మాస్టారు పెట్టె ఎత్తుకుని క్లాసుకి వెళ్లాడు. ఇక అక్కడి నుంచి నా చెవులకి శాంతి లేదు.

పురోహితుడు స్పీకరయ్యాడు. విసనకర్ర ముసలావిడ గవర్నరు. అక్షింతలు వేస్తుంది, ఎవరో రాసిచ్చిన దీవెన చదువుతుంది, వెళ్లిపోతుంది. పెళ్లిచూపులు ప్రశ్నోత్తరాల సమయం. తన వైపువాళ్లు ఒక్కరూ పందిరి దాటకుండా కాపలా కాసే మేనత్త విప్. పొద్దున్న మగపెళ్లివారి విడిదిలో ఉప్మా తిని, మధ్యాహ్నం ఆడపెళ్లివారి బంతిలో కూర్చునేవాడు పార్టీ ఫిరాయించినవాడు. వాకౌట్ అంటే అలక. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా పదో తరగతి పిల్లలు కూడా లెక్కలు మానేసి గోడకి చెవులు ఆనించి వినేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ మంట పరీక్షలప్పుడు చల్లారింది. స్పీకరు విధులేవి అన్న ప్రశ్నకి "ముహూర్తము దాటిపోకుండా చూచుట, సన్నాయివారిని ఆపుట" అని ధర్మతేజ అనే కుర్రాడు రాశాడు. ఇంకొకరు "గవర్నరు భోజనము చేయకుండా వెళ్లినచో సభకు అరిష్టము" అన్నారు. ఆ పేపర్లు హెడ్మిస్ట్రెస్ పుష్పవతి మేడమ్ కంటబడ్డాయి.

"పిల్లలకి సభ తెలిసిందా, సంబంధాలు కుదర్చడం తెలిసిందా మాస్టారూ?" అన్నారావిడ. "గురువారం పై ఆఫీసర్ గారు వస్తున్నారు. ఆయన ముందే తేల్చేద్దాం. పిల్లలకేమీ రాలేదని తేలితే బొమ్మలు స్టోరు రూముకి, దుప్పటి మీ ఇంటికి. ప్యానెల్ మీదే పాఠం."

స్టోరు రూము అంటే మాకందరికీ తెలుసు. అందులోకి వెళ్లిన గ్లోబు మళ్లీ రాలేదు. ఆయనకి ఇంకో రెండేళ్లే సర్వీసుంది. బొమ్మలు పోతే ఆ రెండేళ్లూ ఆ అరబ్బీ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. "నాకు వచ్చింది అదొక్కటేనండీ, చూపించి చెప్పడం," అన్నాడు నాతో మెట్ల మీద. అప్పటిదాకా లోలోపల సంబరపడుతున్న నాకు ఎందుకో జాలేసింది.

గురువారం ఆఫీసర్ రమణబాబు గారు వచ్చారు. వెనకాల మేడమ్, ఆ వెనకాల మేమంతా. బొమ్మలు బల్ల మీద కొలువుదీరి ఉన్నాయి. గవర్నరు గారి విసనకర్ర అప్పటికే ఊడిపోయింది.

"వాకౌట్ అంటే ఏమిటమ్మా?" అని ఆయన ముందు బెంచీలో ఉన్న లోవలక్ష్మిని అడిగారు. జీడితోటల్లో పనిచేసే కొండలమ్మ కూతురు. మాటకి మాట అప్పజెప్పే పిల్ల.

"అలగడమండి. కానీ పీటల మీంచి లెగిసి ఎలిపోతే పెళ్లి ఆగదండి. మిగిలినోళ్లు సేసీసుకుంతారు. అందికే ఊరికే అలగకూడదండి."

ఆయన నవ్వాపుకున్నారు. తర్వాత గడియారం చూసుకున్నారు. "బాగానే ఉంది గానీ మాస్టారూ, రోజులు మారాయి. నా సలహా ప్యానెలే. మీరేమంటారు?"

"బొమ్మలే ఉంటాయండి," అన్నాడు మాస్టారు గొంతు పెంచి. "నా క్లాసు. నా నిర్ణయం."

లోవలక్ష్మి మళ్లీ లేచింది. గబగబా వెళ్లి పురోహితుడి బొమ్మ తీసి పక్కన పెట్టి, మాస్టారి కుర్చీలో కూర్చుంది. "సబ మొదలయ్యిందండి. సారు ఒక్కరే నిర్నయం సేసీడానికి లేదు. సబలో పెట్టాల. ఎవలు మాటాడతారు?"

ధర్మతేజ చెయ్యెత్తాడు. "అద్దిచ్చా, మాకు బొమ్మలు సానా ఇష్టమే. కానీ అసలు అసెంబ్లీ ఎలాగుంటాదో మేం ఒక్కపాలి కూడా సూడ్నేదు. నాను పరీచ్చలో సన్నాయి రాసీసేను. మార్కులు పోనాయి. ప్యానెల్ కావాల."

బ్యాంకు మేనేజరు గారమ్మాయి చిన్మయి లేచింది. "అధ్యక్షా, ప్యానెల్లో అయితే మనం చూస్తాం అంతే. బొమ్మలైతే మనమే సభ నడుపుతాం. బొమ్మలు ఉండాలి."

"ఇదుగో పిల్లలూ..." అని మేడమ్ ఏదో అనబోయారు.

"మీ వంతు కాదండి మేడమ్ గారూ, కూసోండి," అంది లోవలక్ష్మి. పద్దెనిమిదేళ్లుగా మమ్మల్ని కూర్చోబెట్టిన మేడమ్ వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆ ఒక్క దృశ్యానికి నేను మాస్టారి అల్లరంతా క్షమించేశాను.

ఓటింగు వచ్చింది. ప్యానెల్ కావాలనేవాళ్లు చేతులెత్తమంది. ఆఫీసర్ గారూ ఉత్సాహంగా ఎత్తారు.

"మీరు సబ్యులు కాదండి, సూడ్డానికొచ్చినోరు. దించీయండి."

ఆయన దించేశారు. బొమ్మలు కావాలనేవాళ్లు చేతులెత్తారు. అందరికంటే ఎత్తుగా మాస్టారి చెయ్యి.

"మీరూ కాదు సార్."

మాస్టారు ఆ పిల్లవంక చూశాడు. నెమ్మదిగా చెయ్యి దించి, వరసలమ్మటా నడుస్తూ తనే ఓట్లు లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు. నన్ను పిలిచి నాచేత కూడా లెక్కపెట్టించాడు. ప్యానెల్ ఒక్క ఓటుతో నెగ్గింది.

"తీర్మానం నెగ్గినట్టు సబ ప్రకటిస్తోంది," అంది లోవలక్ష్మి. "ఓడిపోయినోళ్లు మాటాడొచ్చు."

"మాట్లాడ్డానికేమీ లేదు అధ్యక్షా," అని మాస్టారు వెళ్లి తన చేత్తోనే దుప్పటి లాగేశాడు. ఆఫీసర్ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. మేడమ్ ఆయన చెవిలో స్టోరు రూము గురించి ఏదో చెప్పబోతే, "పిల్లలకేమీ రాలేదని ఎవరన్నారండీ?" అని మాత్రం అన్నారు. అయినా బొమ్మలు ఉండవు. సభ తేల్చేసింది కదా.

ఇంటర్వెల్లో బొమ్మల్ని పెట్టెలో సర్దడానికి మాస్టారికి నేను సాయం పట్టాను. చాలా బాధగా ఉందండీ అన్నాడు. ఉండదా మరి. అంతలో లోవలక్ష్మి గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకూ ప్యానెలే కావాలా అమ్మా?" అనడిగాడు మాస్టారు.

"నాకు బొమ్మలే కావాల సార్."

"మరి కుర్చీ ఎందుకెక్కావే పిచ్చితల్లీ? స్పీకరుకి మామూలుగా ఓటుండదని తెలుసుగా. బెంచీలో ఉండి ఓటేస్తే సమానమయ్యేది కదా."

"ఇంకెవలికీ రూల్సు సరిగ్గా రావు సార్," అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "తప్పు సేసెత్తే మీ పేరు పోద్ది కదా."

మాస్టారు పెట్టె కింద పెట్టేసి కూర్చుండిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. బెల్లు కొట్టినా ఎవరం కదల్లేదు, అవతల గదిలో నా పదో తరగతి నాకోసం ఎదురుచూస్తూనే ఉంది.