గుర్రప్పిల్లల తాడు పట్టుకుని బడికి

మాప్పాకు రేడియోతో వైరం. పెద్దచలి రోజుల్లో మంచుసీమలోని ఖారియా ఊరంతా పొద్దున్నే లేచి, బడి ఉందో లేదో విందామని రేడియో పెట్టుకుంటుంది. మాప్పా కూడా పెట్టుకుంటుంది గానీ, అది నోరు విప్పకముందే తిట్లు మొదలుపెడుతుంది. పొయ్యిలో కట్టె దూర్చుతూ ఒకటి, పాలటీ మరిగిస్తూ ఇంకొకటి. ఎక్కడో జిల్లా కేంద్రంలో వెచ్చటి గదిలో కూర్చున్న ఆ గొంతు అవేమీ వినదు కదా. తాపీగా చెబుతుంది: మైనస్ నలభై ఆరు, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా బడి లేదు.

"లేదంట! నీ నోటికి పుండు పుట్ట. నువ్వొచ్చి కూచుంటావా మా పిల్లల దగ్గర?"

దుప్పటి కింద నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. రెండో తరగతి చదివే కూతురు సాస్కి నవ్వు అది. బడి లేదంటే నవ్వకుండా ఉండే పిల్లలు ఏ దేశంలోనూ లేరు.

ఇందులో అసలు విడ్డూరం ఏమిటంటే, మాప్పా ఆ బడిలోనే వంటమనిషి. పై తరగతుల పిల్లలు ఎలాగూ వస్తారు, వాళ్ళకి వండాలి. చిన్న తరగతుల టీచర్లూ రావాల్సిందే, ఖాళీ గదుల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. పక్కనే బాయిలర్ ఉంది కాబట్టి బడి అంతా చొక్కాతో తిరిగేంత వెచ్చగా ఉంటుంది. ఊళ్ళో ఇళ్ళు అలా కాదు. పొయ్యిలో కట్టెలు వేసే మనిషి లేకపోతే మధ్యాహ్నానికల్లా కిటికీ లోపలి వైపు మంచు పేరుకుంటుంది. వెచ్చటి చోటుకి రావద్దని చెప్పి, చల్లారిపోయే ఇంట్లో పిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టడం. దాన్నే జిల్లా కేంద్రం వాళ్ళు పిల్లల క్షేమం అంటారు.

మొన్నటి సెలవు రోజున ఆ క్షేమం కాస్తా మాప్పా ఇంటిమీదికి వచ్చింది. పొయ్యి ఆరిపోతోందని సాస్కి తనే పొయ్యి తలుపు తెరిచి కట్టె పెట్టబోయింది. నిప్పు జారి చాప మీద పడింది. పిల్ల తెలివిగలది, టీ నీళ్ళు దిమ్మరించేసింది. మాప్పా ఇంటికొచ్చేసరికి చాప మధ్యలో చేటంత నల్లటి మచ్చ, మూలన మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూతురు. పిల్లని ఎత్తుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఆమె మొగుడు స్తెపాన్ గడ్డకట్టిన నది మీద సరుకు లారీ నడుపుతాడు. చలికాలం అంతా దారిలోనే ఉంటాడు. ఫోనులో సంగతి విని అప్పటికప్పుడే తేల్చేశాడు.

"శనివారం పొద్దున్నే వస్తా. పాపని పట్నం తీసుకెళ్ళి మా అక్క దగ్గర దింపుతా. మంచు కరిగేదాకా అక్కడే ఉంటుంది. బట్టలు సర్ది ఉంచు."

"అక్కడ మాత్రం బడి ఉంటుందేంటి? పట్నంలో చలి లేదా?"

"బడి లేకపోయినా మనిషి ఉంటుంది కదే ఇంట్లో!"

అతను అన్నది నిజం. ఆ నిజానికి తలొగ్గడం మాత్రం మాప్పా వల్ల కాలేదు.

ఎందుకంటే మాప్పాకు ఏడేళ్ళప్పుడు ఆమెనీ ఇలాగే తీసుకెళ్ళారు. తల్లి దూరాన పచ్చికబయళ్ళలో గుర్రాల మంద చూసుకునేది. బడి ఈడు రాగానే ప్రభుత్వం బండి వచ్చి పిల్లల్ని హాస్టల్‌కి ఎక్కించుకుపోయేది. హాస్టల్లో తిండికి లోటు లేదు, చదువుకీ లోటు లేదు. అయితే మొదటి వేసవికి ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ చేతులు చాపితే మాప్పా ఒక అడుగు వెనక్కి జరిగింది. అమ్మ చేతులు ఎప్రాన్‌కి తుడుచుకుని గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయింది. తన కూతురి విషయంలో ఆ అడుగు పడనివ్వనని మాప్పా ఏనాడో ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు కూడా రేడియో అదే పాట పాడింది. మాప్పా పిల్లకి ఉన్న బట్టలన్నీ తొడిగి, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా శాలువా చుట్టి, చెయ్యి పట్టుకుని తనతోపాటు వంటింటికి తీసుకుపోయింది. ఆలాదీ అట్లు వేస్తూ ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను కూతురి మీద. పదకొండు గంటల ప్రాంతంలో హెడ్మాస్టరు ప్రొకొపీ టీ కోసం లోపలికి వచ్చారు.

"ఎవరీ పిల్ల?"

"నా పిల్లేనండీ, ఎరగరా? మీ బళ్ళో రెండో తరగతేగా."

"రెండో తరగతికి ఇవాళ బడి లేదు మాప్పా."

"బడికి రాలేదండీ మాస్టారూ, వంటింటికొచ్చింది. చూడండి, క్యారెట్లు ఎంత పొందిగ్గా తరుగుతోందో."

ప్రొకొపీ మాస్టారు మంచాయన. నవ్వొచ్చినా నవ్వలేని ఉద్యోగం ఆయనది. "ఇవాళ నువ్వు తెచ్చావు, రేపు ఇంకొకరు తెస్తారు. దారిలో ఎవరికన్నా ఏదన్నా అయితే ఆ పాపం ఎవరికి? ఇంటికి పంపెయ్."

"ఏ ఇంటికండీ? నిప్పు పడిన ఇంటికా?" మాప్పా గరిటె కింద పెట్టింది. "ఇటు రండి మాస్టారూ, ఒక్కసారి ఇటు రండి."

కిటికీ అద్దం మీది మంచుని గోటితో గీకి చూపించింది. బాయిలరు వెనక ఉన్న మంచు జారుడు మీద పిల్లలు అట్టముక్కలు వేసుకుని సర్రున జారుతున్నారు. అంతా చిన్న తరగతులవాళ్ళే. జారినవాడు లేచి మళ్ళీ పైకి పరిగెడుతున్నాడు.

"ఆ ఎర్ర టోపీలు ఉలీతా కవలలు, మూడో తరగతి. బడికి రావడానికి చలి గానీ జారడానికి లేదు కాబోలు! తల్లేమో పోస్టాఫీసులో కూచుని వీళ్ళు ఇంట్లో ఉన్నారనుకుంటోంది."

మాస్టారు కిటికీ చిన్నతలుపు తోసి, "ఒరేయ్, ఇళ్ళకి పొండ్రా!" అని కేకేశారు. పిల్లలు చెల్లాచెదరయ్యారు. తలుపు మూసి ఆయన అక్కడే బల్ల మీద కూలబడ్డారు. టీ అడగలేదు.

"రెండేళ్ళ కిందటి సంగతి నీకు తెలుసుగా. ఆ రోజూ రేడియో వద్దంది. మనవాళ్ళు గట్టివాళ్ళు, వాళ్ళకేం అవుతుందిలే, రండని నేనే కబురు పెట్టాను. మంచుపొగలో ఒకడు బడి దాటిపోయి నది వైపు నడిచాడు. దొరికేసరికి వాడి కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. వాడు ఇప్పుడు ఎడంచేత్తో రాస్తున్నాడు మాప్పా. రోజూ చూస్తాను నేను."

మాప్పా గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆయన ముందు టీ పెట్టి, రెండు అట్లు వేసింది. అప్పుడు అడిగింది:

"అయితే మీ భయం బడి గురించి కాదు. దారి గురించి."

"దారే."

"దారి సంగతి మేం చూసుకుంటే?"

ఆయన కప్పు పక్కకి జరిపారు. "నేను రమ్మనను. ఇంకోసారి ఆ మాట నా నోటితో అనలేను. తలుపుకి తాళం మాత్రం వెయ్యను."

మాప్పాకు అది చాలు. ఇంటికి వెళ్ళి కొట్టుగదిలో సామానంతా కింద పడేసింది. అడుగున ఆమె తల్లి తాడు ఉంది, గుర్రపు వెంట్రుకలతో పేనిన పొడవాటి సెలే తాడు. దానికి వరసగా ఉచ్చులుంటాయి. వేసవిలో దాన్ని రెండు గుంజల మధ్య కట్టి గుర్రప్పిల్లల్ని వరసగా కట్టేస్తారు. పిల్ల కదలకుండా ఉంటే తల్లి గుర్రం ఎంత దూరం మేతకి పోయినా పాలు పితికే వేళకి తిరిగొస్తుంది. నైలాను తాడు ఈ చలికి కర్రలా బిగుసుకుపోతుంది. వెంట్రుక తాడు మెత్తగా చేతికి అమరుతుంది. మాప్పా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏమీ లేదు, దుమ్ము వాసన తప్ప.

పిల్లల్ని ఈ తాడు పట్టించి బడికి నడిపిస్తానంటూ ఆ సాయంత్రం ఆమె కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగింది. బాయిలర్ కాడి దిమీద్ అయితే మొహం మీదే అనేశాడు, "నా పిల్లలు ఇంట్లో హాయిగా ఉన్నారు, నీ పిచ్చి మాకంటించకు" అని. పోస్టాఫీసు ఉలీతా మాత్రం చేతిలో ముద్ర కింద పడేసి నవ్వింది.

"ఏంటక్కా, నా పిల్లల్ని గుర్రప్పిల్లల్లా కడతావా?"

"గుర్రప్పిల్లలు నయమే తల్లీ, తాడు చూస్తే నిలబడతాయి. నీ కవలలు ఇవాళ ఏం చేశారో తెలుసా?" అని జారుడు సంగతి చెప్పింది.

ఉలీతా నవ్వు ఎగిరిపోయింది. "ఎర్ర టోపీలేనా? ఖచ్చితంగా చూశావా? ఉండు, రానీ ఇవాళ వెధవల్ని! రేపు మీ ఇంటి దగ్గరికి ఎన్నింటికి రమ్మంటావ్?"

మొదటి రోజు ముగ్గురే పిల్లలు, ఇద్దరు తల్లులు. మంచుపొగ ఎంత చిక్కగా ఉందంటే తన చేతి తొడుగే తనకి కనపడదు. ముందు మాప్పా, వెనక ఉలీతా, మధ్యలో పిల్లలు తలా ఒక ఉచ్చు పట్టుకుని నడిచారు. ప్రతి వీధి మలుపులోనూ మాప్పా పేర్లు పిలిచేది, వాళ్ళు "ఉన్నా" అనాలి. సగం దారిలో అందరూ ఆగి, ఒకరి మొహాలొకరు చూసుకోవాలి. ఎవరి ముక్కో చెంపో గడ్డకట్టి తెల్లబడితే చెప్పాలి, వెంటనే కప్పుకోవాలి. కవలలకి ఇది జారుడు కంటే పెద్ద ఆటైపోయింది. బడి మెట్ల మీద ప్రొకొపీ మాస్టారు లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నారు. రమ్మనలేదు, వద్దనలేదు. ఒక్కొక్కరి తొడుగులు ఊడదీసి వేళ్ళు నొక్కి చూసి లోపలికి పంపారు.

మర్నాడు తాడుకి ఇంకొందరు వచ్చారు. ఆ పైరోజు దిమీద్ తన ఇద్దరినీ తీసుకొచ్చి, "ఇంట్లో ఒకటే గోల పెడుతున్నారు, పట్టుకో" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. రేడియో మాత్రం రోజూ బడి లేదనే చెబుతోంది. మాప్పా దాన్ని తిట్టడం మానేసింది, వినడమూ మానేసింది. పట్నం పంపాల్సిన పిల్ల సంచీ మాత్రం సర్దలేదు. సర్దాలని తీసి మంచం మీద పెట్టేది, మళ్ళీ లోపల పెట్టేసేది.

శనివారం వచ్చింది. ఆ రోజు మైనస్ నలభై తొమ్మిది. స్తెపాన్ వచ్చేలోపే బయల్దేరాలా, ఆగాలా అని మాప్పా తల పట్టుకుంది. గుమ్మం ముందు పిల్లలంతా తాడు పట్టుకుని కాళ్ళు తపతపలాడిస్తూ నిలబడ్డారు. ఎవరి కోసమూ చలి ఆగదు. ఆ రోజు ఉలీతాకి జ్వరం, తాడు చివర పట్టుకోవడానికి పెద్దవాళ్ళు లేరు. ఆ కవలల్లో ఒకడినే చివర పెట్టి, "గట్టిగా పట్టుకోరా నాన్నా" అని మాప్పా బయల్దేరింది.

రెండో మలుపు దాటాక తాడు వెనక బరువెక్కింది. పిల్లవాడి లాగుడు కాదు అది. మాప్పా ఆగి పేర్లు పిలిచింది. అందరూ "ఉన్నా" అన్నారు. ఆమె మళ్ళీ నడిచింది. వెనక బరువు అలాగే ఉంది, లాగకుండా, సడలకుండా.

బడి మెట్ల దగ్గర లాంతరు వెలుగులోకి ఒక్కొక్కరూ వచ్చి ఉచ్చు వదిలి లోపలికి పోయారు. సాస్కి కూడా పోయింది, వెనక్కి తిరిగి చూడకుండా, కవలలతో ఏదో తగువు పెట్టుకుంటూ. చివరి ఉచ్చులో కుక్కతోలు తొడుగున్న పెద్ద చెయ్యి ఉంది. స్తెపాన్.

"ఇంటికెళ్ళాను. మనుషుల్లేరు. సంచీ కూడా లేదు."

"సర్దలేదు," అంది మాప్పా.

అతను ముక్కు రుద్దుకున్నాడు. "ముందున్న బుడతడు సగం దారిలో వెనక్కి తిరిగి, మామా నీ ముక్కు తెల్లబడింది, మూసుకో అన్నాడు. మూసుకున్నాను." తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు. సాస్కి శాలువా విప్పుకుంటూ టీచరుకి ఏదో గట్టిగా చెబుతోంది. దూరంగా పొగలో అతని లారీ ఇంజను ఆపకుండా గురగురలాడుతూనే ఉంది.

"అక్క ఎదురుచూస్తూ ఉంటుంది. ఏం చెప్పను?"

మాప్పా తాడుని మోచేతికి చుట్టుకుంటూ అంది:

"పాపకి బడుందని చెప్పు."